తాత కత్తికి కొత్త పదును

తరాల తుప్పు పట్టిన క్షౌరకత్తిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. అందుకు కావలసింది ఖరీదైన యంత్రాలు కాదు, ఓపిక. దానితోపాటు ఏది గీకేయాలో, ఏది వదిలేయాలో తెలిసిన వివేకం.

ట్రంకుపెట్టె అడుగున, చెదలు తిన్న దస్తావేజుల కింద, జిడ్డోడుతున్న గుడ్డలో చుట్టి ఉందది. తెనాలి దగ్గరి ఊళ్లో ఇల్లు అమ్మేశాక నాన్న ఢిల్లీకి తెచ్చుకున్న సామాన్లలో ఆ పెట్టె ఒకటి. మయూర్ విహార్‌లోని మా ఫ్లాట్‌లో నాలుగేళ్లుగా మంచం కిందే పడి ఉంది. గుడ్డ విప్పితే బయటపడింది ఒక మడత కత్తి. పిడి పలకలు రెండూ పసుపుపచ్చగా మారి సన్నని బీటలు తీశాయి. ఉక్కు మీద తుప్పు పెచ్చుకట్టింది. పిడికి దగ్గరగా ఉండే తోక భాగం మీద మాత్రం అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి: జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్, కట్లర్స్ టు హిజ్ మెజెస్టీ, షెఫీల్డ్, ఇంగ్లాండ్.

ఇది మీ తాత గడ్డం గీసుకున్న కత్తి అన్నారు నాన్న. ఆ మాటలో సగమే నిజమని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇలాంటి కత్తులు మన ఇళ్లలో చాలానే ఉండి ఉంటాయి. 20వ శతాబ్దం మొదలయ్యేదాకా నున్నగా గడ్డం గీయడానికి ఇదే ప్రధాన సాధనం. 1903లో అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ వాడి పారేసే బ్లేడును మార్కెట్లోకి తెచ్చినప్పుడు తొలి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి ఏడాదికే రేజర్ల అమ్మకాలు 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల సంచుల్లోకి చేరాక ఇక దానికి తిరుగు లేకపోయింది. మన దేశంలో ఆ సంస్థ 1984లో ఇండియన్ షేవింగ్ ప్రోడక్ట్స్ పేరుతో అడుగుపెట్టి, ఇదే జాతీయ రాజధాని ప్రాంతంలోని భివాడీలో బ్లేడ్ల తయారీ మొదలుపెట్టింది. వాడి పారేసే బ్లేడు వచ్చాక నూరుకుని వాడే కత్తి పెట్టె అడుగుకు చేరింది.

దాన్ని మళ్లీ పైకి తీసి, గడ్డం మీద పెట్టుకోగలిగేంత పదునుకు తేవడం సాధ్యమేనా? సాధ్యమే. అయితే అంత తేలికైన వ్యవహారం కాదు.

ముద్రలు చెప్పే ముచ్చట్లు

పాత కత్తి చేతికి రాగానే గరుకు కాగితం అందుకోవడం చాలామంది చేసే మొదటి తప్పు. ముందు అక్షరాలు చదవాలి. షెఫీల్డ్ కత్తుల మీద 'హర్ మెజెస్టీ' అని ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1901 లోపుది కావచ్చు. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసింది. అందుకే 'ఇంగ్లాండ్' అనే మాట కూడా ఉంటే సాధారణంగా 1891 తర్వాతిదని లెక్క. మా కత్తి మీద 'హిజ్ మెజెస్టీ', 'ఇంగ్లాండ్' రెండూ ఉన్నాయి. కాబట్టి అది 1901 తర్వాతిది.

ఆ ఉక్కుకు మనతో ఉన్న చుట్టరికం కత్తి కంటే చాలా పాతది. షెఫీల్డ్‌కు పేరు తెచ్చిన మూస ఉక్కును 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు తయారుచేశాడు. అప్పటికి ఎన్నో శతాబ్దాలుగా తెలంగాణ పల్లెల్లో కమ్మరులు మట్టి మూసల్లో ఉక్కు కరిగిస్తూనే ఉన్నారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా లోకమంతా మెచ్చుకున్న వాటికి ముడిసరుకు ఈ ఉక్కే. ఐరోపా శాస్త్రవేత్తలు దీన్ని 'ఊట్జ్' అన్నారు. ఆ పేరు మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం.

1790ల్లో భారత్ నుంచి వెళ్లిన ఉక్కు దిమ్మెలను పరీక్షించి 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. లండన్‌లో కత్తులు తయారుచేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో శస్త్రచికిత్స పరికరాలు చేసి చూసి మురిసిపోయాడు. తర్వాత ఆయన, విద్యుత్ శాస్త్రంలో మహామహుడైన మైకేల్ ఫారడే కలిసి 1820 ప్రాంతంలో ఊట్జ్ రహస్యం ఛేదించబోయి రకరకాల మిశ్రమ ఉక్కులు తయారుచేశారు. వాటితో చేయించిన క్షౌరకత్తులను ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చాడు. వెండి కలిపిన ఉక్కు గురించి వాళ్లు రాసిన మాటల పుణ్యమా అని 'సిల్వర్ స్టీల్' ముద్రతో రేజర్లు 19వ శతాబ్దంలో విరివిగా అమ్ముడయ్యాయి. మీ ఇంటి కత్తి మీద ఆ రెండు మాటలు కనిపిస్తే, దాని కథ కొంత మన కొలిమిల దగ్గర మొదలైందన్నమాట.

పనికొస్తుందా, రాదా?

రెండో మెట్టు పరీక్ష. కత్తి అంచు పొడవునా మందపాటి టేపు అంటించి, మంచి వెలుతురులో భూతద్దంతో చూడాలి. తుప్పు తీశాక మళ్లీ ఇదే పరీక్ష చేయాలి. చూడాల్సినవి మూడు.

మొదటిది వెంట్రుక వాసి పగులు. అంచు నుంచి వెన్ను వైపు సన్నని గీత కనిపిస్తే ఆ కత్తిని గోడ మీద అలంకారంగా పెట్టుకోవాలే తప్ప గడ్డం మీద పెట్టకూడదు. గీసేటప్పుడు విరిగితే తెగేది చర్మం. రెండోది గుంటలు. తుప్పు పైపైన ఉంటే పోతుంది. ఉక్కులోకి దిగి గుంటలు చేస్తే, అవి వెన్ను దగ్గర ఉన్నంతవరకూ నష్టం లేదు. అంచు దాకా వచ్చి ఉంటే మాత్రం ఎంత నూరినా ఆ గుంట దగ్గర అంచు విరుగుతూనే ఉంటుంది. మూడోది అరుగుదల. ఏళ్ల తరబడి రాతి మీద ఆనించి నూరడం వల్ల వెన్ను మీద నున్నని చదును పట్టీ ఏర్పడుతుంది. అది మరీ వెడల్పుగా ఉంటే కత్తి ఆయువు తీరినట్టే.

తర్వాత పిడి. పాత పిడుల్లో గేదె కొమ్ము, దుప్పి కొమ్ము, ఏనుగు దంతం, తాబేటి చిప్ప, సెల్యులాయిడ్ అన్నీ కనిపిస్తాయి. దంతమైతే చట్టం రంగంలోకి దిగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986, 1991లో వచ్చిన సవరణలతో మన దేశంలో దంతం వ్యాపారం పూర్తిగా ఆగిపోయింది. తాతల నాటిదైనా సరే, యాజమాన్య ధ్రువపత్రం లేకుండా దగ్గర ఉంచుకోవడం ఇబ్బందే, అమ్మడం నేరం. అలాగే వందేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. అమెరికాలోని అబ్బాయికి తాతగారి గుర్తుగా పంపుదామనుకునే ముందు పురావస్తు శాఖను సంప్రదించడం మంచిది.

రోడ్జర్స్ కంపెనీ దంతం నిల్వలకు ప్రసిద్ధి కాబట్టి మా కత్తి పిడి చూసి మొదట గుండె ఝల్లుమంది. పలకను బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చింది. హమ్మయ్య, సెల్యులాయిడ్. కొందరు కాల్చిన సూదితో గుచ్చి చూడమంటారు. పొరపాటున కూడా ఆ పని చేయవద్దు. సెల్యులాయిడ్ గుప్పున అంటుకుంటుంది.

అయితే సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కర్పూరం వాసన వెనుకే ఘాటైన పుల్లటి వాసన. సెల్యులాయిడ్ పాతబడి కుళ్లితే ఆమ్ల వాయువులు వదులుతుంది. మడిచిన కత్తికి ఆ వాయువులే తుప్పు పట్టిస్తాయి. పిడిలో దాగిన భాగంలోనే తుప్పు ఎక్కువగా ఉందంటే కారణం అదే. ఆ పిడిని ఉంచుకుంటే కత్తి దక్కదు. మార్చక తప్పదు.

చావ్రీ బజార్‌లో సరుకులు

కావలసిన సామగ్రి చాలావరకూ పాత ఢిల్లీలోనే దొరుకుతుంది. ఇత్తడి, రాగి, ఇనుప సామాన్ల టోకు దుకాణాలకు పేరుపడ్డ చావ్రీ బజార్‌లో ఒక మధ్యాహ్నం తిరిగితే చాలు. తడిపి వాడే గరుకు కాగితం 400 నంబరు నుంచి 2000 దాకా, కుట్టుమిషను నూనె, లోహాలు మెరుగుపెట్టే బ్రాసో, సన్నని ఇత్తడి తీగ, చిన్న సుత్తి. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. వీటికి మందుల షాపులో కొన్న సర్జికల్ స్పిరిట్, తోటపని చేతితొడుగులు, ముక్కుకు మాస్కు తోడైతే బాల్కనీలోనే కర్మాగారం సిద్ధం.

ముందుగా పిడి చీల తలను ఆకురాయితో అరగదీసి, సన్నని మేకుతో తట్టి బయటికి నెట్టాలి. కత్తి విడిగా వచ్చాక సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, నూనె పూసి రాత్రంతా వదిలేయాలి. నూనె తుప్పు కిందికి చేరి పెచ్చులను వదులుచేస్తుంది. మర్నాడు ఆ పెచ్చుల్లో సగం గుడ్డకే ఊడి వస్తాయి. మిగిలినదాన్ని నూనెలో తడిపిన కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. ఎప్పుడూ వెన్ను వైపు నుంచి అంచు వైపు, బయటికి. అంచు నుంచి లోపలికి రుద్దితే కాగితంతోపాటు వేలూ తెగుతుంది. ఒక నంబరు కాగితం పెట్టిన గీతలన్నీ పోయాకే తర్వాతి నంబరు అందుకోవాలి. మా కత్తికి ఇది రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు పట్టింది.

అంతసేపు రుద్దేకంటే కరెంటు మిషను పెడితే అయిదు నిమిషాల్లో తళతళలాడదా అనిపిస్తుంది. పాత కత్తులను పాడుచేసే ఆలోచన అదే. క్షౌరకత్తి ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిచేసి గట్టిపరుస్తారు. మన కమ్మరులు దీన్నే పాయనం అంటారు. చక్రం ఒరిపిడికి పుట్టే వేడి మొదట తాకేది కాగితం కంటే పలచగా ఉండే అంచునే. అది ఒక్క క్షణం నీలంరంగుకు తిరిగిందంటే 300 డిగ్రీలకు చేరినట్టు, పాయనం పోయినట్టు. కత్తి చూడటానికి అద్దంలా ఉంటుంది, ఎంత నూరినా పదును మాత్రం నిలవదు.

మరో ప్రమాదం అక్షరాలకు. అద్దంలా మెరవాలన్న యావలో కంపెనీ ముద్రను, బంగారు పూత నగిషీని అరగదీసేస్తుంటారు. తుప్పు ఉక్కును తింటుంది కాబట్టి దాన్ని తీసేయాలి. నల్లబారిన మచ్చ అలా కాదు. కొన్ని మచ్చలు ఉక్కును ఇంకా కాపాడతాయి కూడా. నేను 1000 నంబరు దగ్గరే ఆగిపోయాను. వెన్ను పక్కన రెండు గుంటలు, తోక మీద నలుపు అలాగే ఉన్నాయి.

కొత్త పిడికి గేదె కొమ్ము పలకలు ఎంచుకున్నాను. కొమ్ము, ఎముక పనితనానికి ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ పేరుపడింది. ఒకప్పుడు షెఫీల్డ్ కత్తుల పిడుల కోసం భారత్ నుంచి కొమ్ములు ఓడల్లో వెళ్లేవి. పలకలను ఆకురాయితో రాసి, చిల్లులు పెట్టి, ఇత్తడి తీగ చీలలు దిగ్గొట్టి, చిన్న సుత్తితో వాటి తలలు గుండ్రంగా తట్టాను. ఒక పలక పగిలింది. రెండోసారికి కుదిరింది.

నవ్వే అంచు

అసలు పరీక్ష పదును దగ్గర. క్షౌరకత్తిని నూరడంలో ఒక సుళువుంది, ఒక చిక్కుంది. వంటింటి కత్తికి మల్లే ఎంత వాలుగా పట్టుకోవాలన్న బెంగ లేదు. వెన్ను, అంచు రెండూ రాతికి ఆనేలా పరిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. వెన్ను మందాన్ని, కత్తి వెడల్పును బట్టి అది సుమారు 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. చిక్కేమిటంటే రాయి అచ్చంగా చదునుగా ఉండాలి, అంచు కూడా తిన్నగా ఉండాలి.

మా కత్తి అంచు తిన్నగా లేదు. మధ్యలో కిందికి దిగి, రెండు చివరలా పైకి తేలి ఉంది. ఇలాంటి వంపును ఇంగ్లీషువాళ్లు నవ్వే అంచు అంటారు. వెన్ను మీద అరుగుదల పట్టీ కూడా ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. 1000 నంబరు రాతి మీద పెట్టి ముందుకు తోస్తే మధ్యభాగమే రాతికి తగులుతోంది. పుస్తకాలు చెప్పే మార్గం సూటిగా ఉంది. ఆ వంపు పోయేదాకా అరగదీసి తిన్నగా చేసేయడమే. దానికి కత్తి వెడల్పులో ఒక మిల్లీమీటరుకు పైగా పోగొట్టుకోవాలి.

చేతులాడక కత్తిని తీసుకుని మా కాలనీ గేటు అవతల రావిచెట్టు కింద కూర్చునే క్షురకుడి దగ్గరికి వెళ్లాను. గోడకు అద్దం, ముందు కుర్చీ, పక్కన నీళ్ల డబ్బా. డెబ్బై ఏళ్లు పైబడ్డాయి. చాచా అని పిలుస్తాం. ఆయన కత్తిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, అంచును బొటనవేలి గోటి మీద అడ్డంగా ఆనించి చూశారు. ఇది బల్ల మీద నూరిన కత్తి కాదు, అరచేతిలో రాయి పట్టుకుని నూరిన కత్తి అని తేల్చారు. చేతిలో పట్టే రాయి సన్నగా ఉంటుంది కాబట్టి కత్తి మొత్తం దాని మీద ఒకేసారి ఆనదు. అందుకని మణికట్టును మెల్లగా తిప్పుతూ, మొదలు నుంచి కొస దాకా దొర్లించినట్టు నూరుతారు. ఏళ్ల తరబడి అలా నూరితే అంచుకు ఈ వంపు వస్తుంది. వంపును తీసేయనక్కర్లేదు బాబూజీ, చెయ్యి మార్చుకోండి అన్నారు.

ఆయన సంచిలో తన పాత ఉస్తరా ఇప్పటికీ ఉంది. సిల్లీ అనే చిన్న నల్లరాయి, చమోటా అనే తోలుపట్టీ కూడా ఉన్నాయి. కత్తిని మాత్రం ఎవరి గడ్డం మీదా పెట్టరు. 1986లో మన దేశంలో హెచ్ఐవీ బయటపడింది. ఆ తర్వాత ఎయిడ్స్‌పై సాగిన ప్రచారం కొత్త బ్లేడు అడిగి వేయించుకోవడం జనానికి అలవాటు చేసింది. ఆ జాగ్రత్త సరైనదే. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు సజీవంగా ఉండగలదు. అందువల్ల ఢిల్లీ ఫుట్‌పాత్‌ల నుంచి తిరుమల కల్యాణకట్ట దాకా ఇప్పుడు బ్లేడు బిగించే కత్తులే. కానీ ఆ మార్పుతో ఒక విద్య అక్కర్లేనిదైపోయింది. బ్లేడు మార్చడం ఎవరికైనా వచ్చు. నూరడం అలా కాదు.

ఆయన చూపించినట్టు మణికట్టు తిప్పడం రావడానికి నాకు నెల పైనే పట్టింది. ముందు 1000 నంబరు రాయి, తర్వాత 4000, చివరికి 8000. ప్రతి రాతి మీదా అంచు ముందుకు, బరువు వేయకుండా, నీళ్లు చిలకరిస్తూ. ఆపైన తోలుపట్టీ మీద వెన్ను ముందుకు, అంచు వెనక్కి, అరవై సార్లు. ఇక్కడ దిశ మారకపోతే తోలూ తెగుతుంది, అంచూ మడుగుతుంది. ముంజేతి వెంట్రుక మీద ఆనించగానే అది టక్కున తెగితే పదును వచ్చినట్టు.

అరుగు దాటని మనిషి

అరచేతి రాయి సంగతి చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పారు. తాత ఎన్నడూ సొంతంగా గడ్డం గీసుకోలేదట. మంగళ, శుక్రవారాలు కాకుండా చూసి వారానికి రెండుసార్లు ఊరి క్షురకుడు వచ్చేవారట. కత్తి మాత్రం తాతది. దాన్ని లోపలి నుంచి తెచ్చి ఆయన చేతికిచ్చేవారు. వేపచెట్టు కింద పీట వేసి, తన అడపంలోంచి రాయి తీసి, అరచేతిలో పట్టుకుని నూరి, గడ్డం గీసి, కత్తిని కడిగి తుడిచి నూనె రాసి తిరిగి ఇచ్చేవారు. తాత నూతి దగ్గర స్నానం చేసిగానీ ఇంట్లో అడుగుపెట్టేవారు కాదు. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే మేర గింజలే ఆ పనికి ప్రతిఫలం. ఊళ్లో కురుపులు కోసేదీ ఆయనే, పెళ్లిళ్లకు సన్నాయి ఊదేదీ ఆయన అన్నదమ్ములే.

కత్తి ఇంట్లోకి వచ్చేది. దానికి ప్రాణం పోసిన మనిషి అరుగు దాటి వచ్చేవారు కాదు. మా ఇంట్లో పిల్లలు సైతం ఆయన్ని ఏకవచనంతోనే పిలిచేవారట. నాన్నకు ఆయన పేరు గుర్తుంది, ఇంటిపేరు తెలియదు. ఇంగ్లాండ్‌లోని కంపెనీ పేరు మాత్రం వీధి నంబరుతో సహా చెప్పగలరు. చిన్నప్పుడు ఆ కత్తి మీద అక్షరాలు కూడబలుక్కునే ఇంగ్లీషు నేర్చుకున్నారట మరి.

మంగలి పాత, చాకలి కొత్త అని సామెత. క్షౌరం చేసేవాడికి అనుభవమే ఆస్తి అన్నది అందులోని మెచ్చుకోలు. మెచ్చుకుంటూనే ఆ కులం పేరును తిట్టుగా మార్చిన సమాజం కూడా మనదే. నాయీ బ్రాహ్మణులను కించపరిచే మాటలతో పిలవకూడదని 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. పాత కత్తులకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో గిరాకీ ఉంది. కొనేవాళ్లు ఏ కంపెనీ, ఏ ఏడాది అని అడుగుతారు. దాన్ని అన్నేళ్లు పదునుగా ఉంచింది ఎవరని అడిగేవాళ్లు అరుదు.

అయినా ఆ చెయ్యి ఆనవాలు ఉక్కులోనే ఉంది. వెన్ను మీది అరుగుదల, అంచులోని వంపు ఆయన రాతివే. పుస్తకంలో చెప్పినట్టు తిన్నగా అరగదీసి ఉంటే కత్తి మీద మిగిలేది షెఫీల్డ్ ముద్ర ఒక్కటే.

గడ్డం మీద పెట్టేముందు

పాత కత్తిని బాగుచేశాక వాడాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, పుండ్లు త్వరగా మానని మధుమేహ రోగులు, చెయ్యి వణికేవారు దీని జోలికి వెళ్లకపోవడం మేలు. వాడదలచినవారు సబ్బుతో శుభ్రంగా కడిగి, స్పిరిట్‌తో తుడవాలి. బ్లీచింగ్ ద్రావణం ఉక్కును తినేస్తుంది. మరిగే నీళ్లలో వేస్తే కొమ్ము పిడి వంకర పోతుంది. ఒక కత్తి ఒక్కరికే అన్నది మాత్రం మినహాయింపు లేని నియమం, అన్నదమ్ముల మధ్య కూడా.

మొదట్లో చెంపల వరకే ప్రయత్నించాలి. వేడినీళ్లతో గడ్డం మెత్తబడ్డాక, చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి, కత్తిని 30 డిగ్రీల వాలులో పట్టి, వెంట్రుకలు పెరిగే దిశలో చిన్నచిన్నగా లాగాలి. గడ్డం కింద, పెదవి పైన వారం పది రోజుల తర్వాతే. అయిపోగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క పూయాలి. ఢిల్లీ జులై, ఆగస్టు ఉక్కపోతలో స్నానాలగదిలో వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రమచ్చ కనిపిస్తుంది.

ఉక్కు కంటే వెంట్రుక 50 రెట్లు మెత్తన. మరి కత్తి ఎందుకు మొద్దుబారుతుంది? అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నకు జవాబు వెతికి 2020లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. వెంట్రుక వంగి, అంచు ఒక పక్కకు నొక్కుకున్నప్పుడు ఉక్కులో అసమానంగా ఉన్న చోట సన్నని పెచ్చు లేస్తుందని సూక్ష్మదర్శినిలో చూసి తేల్చారు. అందుకే పదును ఒకసారి పెట్టి మరిచిపోయేది కాదు. గీసే ప్రతిసారీ తోలుపట్టీ, కొన్ని నెలలకోసారి రాయి. ఎవరో ఒకరు దాన్ని పట్టించుకుంటూనే ఉండాలి.

ఢిల్లీకి 70 కిలోమీటర్ల దూరంలోని మీరట్ కత్తెరలకు ప్రసిద్ధి. పాత వాహనాల తుక్కు ఉక్కుతో చేసే ఆ కత్తెరకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తాత కొంటే మనవడు వాడతాడని దాని గురించి అక్కడ ఓ నానుడి. మా కత్తి విషయంలోనూ అది అక్షరాలా నిజమైంది. కాకపోతే తాతకూ మనవడికీ మధ్య సానపట్టిన మనిషి ఆ నానుడిలో కనపడడు.

గత ఆదివారం తొలిసారి చెంప దాటి గడ్డం కింద దాకా గీసుకున్నాను. ఒకచోట తెగింది, పటిక రాశాను. నాన్న గుమ్మంలో నిలబడి చూశారు. కత్తి కడిగి ఇచ్చాక వేలితో అంచు వంపును తడిమి, ఊరికి ఫోన్ చేసి ఆయన పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోమన్నారు. ఈసారి ఇంటిపేరు కూడా అడగమన్నారు.